మీరడిగారు: ఎవరీ కారెన్ డెమిర్చ్యాన్?

పోయిన సంచికలో ఒక పాఠకుడు, పదవిలో ఉండగా సభలోనే హత్యకు గురైన స్పీకర్ ఎవరైనా ఉన్నారా అని అడిగితే ఆర్మేనియా స్పీకర్ కారెన్ డెమిర్చ్యాన్ పేరు చెప్పి ఒక్క వాక్యంతో సరిపెట్టాను. అది సరిపోలేదని మీ ఉత్తరాలు చూశాక తెలిసింది. అందుకే ఈసారి పేజీ మొత్తం ఆయనకే.

ప్రశ్న: మా అమ్మాయి ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతోంది. అక్కడి మెట్రో రైలుకి కారెన్ డెమిర్చ్యాన్ మెట్రో అని పేరట. పేరు చూసి ఎవరో గొప్ప మహిళ అనుకున్నాం ఇంట్లో అందరం. మీరేమో "ఆయన" అని రాశారు. ఏది నిజం? – ఒక తల్లి, ఒంగోలు

ఆయనేనమ్మా. ఇంగ్లీషు దేశాల్లో కారెన్ ఆడపేరు కాబట్టి మనకలా అనిపిస్తుంది, ఆర్మేనియాలో అది మగవాళ్లకు పెట్టే పేరు. ఇంటిపేరు సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడ దాదాపు ప్రతి ఇంటిపేరూ "యాన్" అనే ముగుస్తుంది, మనం "ఫలానా వారు" అంటామే, అలాంటిదన్నమాట. తురుష్క భాషలో డెమిర్చి అంటే కమ్మరి. అంటే డెమిర్చ్యాన్ అంటే కమ్మరి వారు. ముత్తాతల్లో ఎవరో కొలిమి పెట్టుకుని బతికి ఉంటారు, ఆ వృత్తి ఇంటిపేరైపోయింది.

ఇక మెట్రో సంగతి. అప్పట్లో ఆర్మేనియా సోవియట్ యూనియన్‌లో ఒక రిపబ్లిక్. పది లక్షల జనాభా దాటిన ఊరికి గానీ మెట్రో ఇవ్వం అనేది మాస్కో వాళ్ల లెక్క, యెరెవాన్‌లో అప్పటికి అంత జనాభా లేదు. అక్కడివాళ్లు ఏం చేశారంటే, మాకు మెట్రో వద్దులెండి, భూమి కింద నడిచే వేగమైన ట్రామ్ చాలు అని 1972లో సొరంగాలు తవ్వడం మొదలుపెట్టారు. తర్వాత ఊరు పెరిగింది, ఆ సొరంగాలనే మెట్రోగా మార్చుకోవడానికి అనుమతి వచ్చింది, 1981 మార్చి 7న రైలు నడిచింది. మొదలుపెట్టింది ఈయనకు ముందున్నవాళ్లే. కానీ మాస్కోతో మాట్లాడి డబ్బు తెచ్చి పూర్తి చేయించిన రోజుల్లో రిపబ్లిక్ పగ్గాలు డెమిర్చ్యాన్ చేతిలో ఉన్నాయి. ఆయన చనిపోయిన 1999లోనే మెట్రోకి ఆయన పేరు పెట్టారు.

మీ అమ్మాయి చదివే వైద్య విశ్వవిద్యాలయానికి దగ్గర్లో ఉండే స్టేషన్ యెరిటసార్డకాన్, అంటే యువత అని అర్థం. అక్కడ రైలెక్కితే ఒకవైపు తర్వాతి స్టేషనే మార్షల్ బగ్రామ్యాన్. మెట్లెక్కి పైకొస్తే ఉండే వీధి పేరూ అదే, పార్లమెంటు భవనం ఆ వీధిలోనే ఉంది. ఆయన్ని చంపింది అక్కడే. ఆయన కట్టించిన రైలెక్కి ఆయన చనిపోయిన చోటికి ఒక్క స్టేషన్‌లో వెళ్లిపోవచ్చు. ఈ సంగతి మొదటిసారి మ్యాప్‌లో చూసినప్పుడు నాకు చాలాసేపు మనసు మనసులో లేదు.

ప్రశ్న: డెమిర్చ్యాన్ కమ్యూనిస్టు పార్టీ నాయకుడే కదా. సోవియట్ కూలిపోయాక పాత నాయకులను జనం ఛీకొట్టారని చదివాం. మరి ఈయన్ని మళ్లీ ఎందుకు నెత్తిన పెట్టుకున్నారు? – రిటైర్డ్ ఉపాధ్యాయుడు, ఖమ్మం

మాస్టారూ, అసలు ప్రశ్న ఇదే. దీనికి జవాబు దొరికితే ఆయన జీవితం సగం అర్థమైనట్టే, కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

1932లో యెరెవాన్‌లోనే పుట్టాడు. అక్కడి పాలిటెక్నిక్ సంస్థలో ఇంజనీరింగ్ చదివి, విద్యుత్ యంత్రాలు తయారుచేసే కర్మాగారంలో పనిచేస్తూ పైకొచ్చి, పార్టీలోకి మారాడు. 1974 నవంబర్‌లో ఆర్మేనియా కమ్యూనిస్టు పార్టీ మొదటి కార్యదర్శి అయ్యేసరికి వయసు 42. అప్పట్లో ఆ పదవంటే మన ముఖ్యమంత్రి పదవికంటే పెద్దది, రిపబ్లిక్‌లో ఆయన మాటకు ఎదురు ఉండదు, మాస్కో కోపగించుకోనంత వరకు. 1988 మే వరకు, అంటే పదమూడున్నర ఏళ్లు ఆ కుర్చీలో ఉన్నాడు.

ఆ కాలంలో యెరెవాన్ రూపమే మారింది. మెట్రో వచ్చింది. 1980లో జ్వార్ట్‌నోట్స్ విమానాశ్రయం కొత్త టెర్మినల్ వచ్చింది, 1983లో కొండ మీద పెద్ద క్రీడా సంగీత ప్రాంగణం వచ్చింది (ఇప్పుడు దానికీ ఆయన పేరే). మెట్సమోర్ అణువిద్యుత్ కేంద్రం రెండు యూనిట్లూ 1976లో ఒకటి, 1980లో ఒకటి మొదలయ్యాయి. ఇవన్నీ ఒక ఎత్తు, భాష సంగతి ఒక ఎత్తు. 1978లో రిపబ్లిక్‌ల రాజ్యాంగాలు తిరగరాస్తున్నప్పుడు స్థానిక భాషకున్న అధికార హోదా తీసేయాలని చూశారు. పక్కనున్న జార్జియాలో విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. చివరికి మాస్కో వెనక్కి తగ్గింది, ఆర్మేనియన్ కూడా రాజ్యభాషగా రాజ్యాంగంలో నిలబడింది. భాష కోసం రాష్ట్రం తెచ్చుకున్న మనకు దాని విలువ వేరే చెప్పాలా.

ఇదంతా చదివి ఆయన మచ్చలేని మనిషి అనుకోకండి. ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది జనం కాదు, మాస్కో. గోర్బచేవ్ వచ్చాక ఆర్మేనియా పార్టీలో లంచగొండితనం పెరిగిపోయిందని మాస్కో బాహాటంగానే విమర్శించింది. 1988 డిసెంబర్ 7న స్పిటాక్ భూకంపంలో సుమారు 25 వేల మంది చనిపోయారు. ఆయన పదవి నుంచి దిగిన ఏడు నెలలకు జరిగింది కాబట్టి ఆయన కథలో చాలామంది ఈ ముక్క వదిలేస్తారు. కానీ ఆ భూకంపంలో లెనినాకాన్ అనే ఊళ్లో పేకమేడల్లా కూలిన తొమ్మిదంతస్తుల ఇళ్లలో ఎక్కువ భాగం 70ల్లో, 80ల్లో కట్టినవే. అదే ఊళ్లో పాతకాలపు రాతి కట్టడాలు కొన్ని నిలబడ్డాయి. సిమెంటు పాళ్లు ఆయన చూడలేదు, నిజమే. అయినా మెట్రో కీర్తి ఆయన ఖాతాలో వేసినప్పుడు ఆ ఇళ్ల లెక్క కూడా అదే ఖాతాలో వేయాలి. నేనైతే అలాగే వేస్తాను.

పదవి పోయిన తీరు చెప్పాలి. 1988 ఫిబ్రవరిలో, అజర్‌బైజాన్ కింద ఉన్నా ఆర్మేనియన్లే ఎక్కువగా ఉండే నగోర్నో కరబఖ్ ప్రాంతీయ సభ మమ్మల్ని ఆర్మేనియాలో కలపండి అని తీర్మానం చేసింది. యెరెవాన్‌లో ఒపేరా కూడలి లక్షల జనంతో నిండిపోయింది. జనంతో అవునంటే మాస్కో ఊరుకోదు, కాదంటే జనం ఊరుకోరు. మధ్యలో ఇరుక్కుపోయి ఇద్దరికీ కాకుండా పోయాడు. మే 21న ఆయన్నీ, అజర్‌బైజాన్ మొదటి కార్యదర్శినీ మాస్కో ఒకే రోజు పక్కన పెట్టేసింది.

ఆ తర్వాత పదేళ్లు ముందు వరుస రాజకీయాల్లో కనబడలేదు. 1991 నుంచి మళ్లీ విద్యుత్ యంత్రాల కర్మాగారానికే వెళ్లి డైరెక్టర్‌గా పనిచేసుకున్నాడు, మొదలుపెట్టిన చోటికే. ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆ పదేళ్లలో దేశానికి ఏం జరిగిందో చూడండి. భూకంపం భయంతో 1989లో అణువిద్యుత్ కేంద్రం మూసేశారు. 1991లో స్వాతంత్ర్యం వచ్చింది, కరబఖ్ యుద్ధం ముదిరింది, అజర్‌బైజాన్ రైళ్లూ గ్యాసూ ఆపేసింది, 1993లో టర్కీ సరిహద్దు మూసేసింది. రోజుకి గంటా రెండు గంటలు కరెంటు. చలికాలంలో అక్కడ మంచు కురుస్తుంది, ఇళ్లు వెచ్చబెట్టుకోవడానికి గ్యాసు లేదు, జనం పార్కుల్లో చెట్లు కొట్టుకుని పొయ్యిలో పెట్టుకున్నారు. చీకటి ఏళ్లు అంటారు ఆ రోజుల్ని ఇప్పటికీ. 1995లో అణుకేంద్రంలో ఒక యూనిట్ మళ్లీ నడిపాకే ఊళ్లలో వెలుతురు వచ్చింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, లక్షల మంది రష్యాకు, ఇంకా ఎక్కడెక్కడికో పనుల కోసం వెళ్లిపోయారు.

ఆ చలిలో దుప్పట్లు కప్పుకుని కూర్చున్న మనిషికి 1980 ఎలా గుర్తొస్తుందో ఊహించండి మాస్టారూ. లైటు వెలిగేది, జీతం ఒకటో తారీఖున వచ్చేది, రైలు నడిచేది. ఆ జ్ఞాపకానికి ఉన్న ముఖం డెమిర్చ్యాన్‌ది. జనం కమ్యూనిజాన్ని వెనక్కి పిలవలేదు, ఆ వెచ్చదనాన్ని పిలిచారు. ఆయన కూడా 1998లో కమ్యూనిస్టుల గుర్తు మీద నిలబడలేదు, వాళ్ల అభ్యర్థి వేరే ఉన్నాడు.

ప్రశ్న: అధ్యక్ష ఎన్నికలో ఓడిపోయిన మనిషి ఏడాదికే స్పీకర్ ఎలా అయ్యాడు? అక్కడి స్పీకర్ కూడా మన స్పీకర్‌లాగా "కూర్చోండి కూర్చోండి" అనడమేనా, నిజంగా పవర్ ఉంటుందా? – పొలిటికల్ సైన్స్ విద్యార్థి, విశాఖపట్నం

1998 ఫిబ్రవరిలో మొదటి అధ్యక్షుడు లెవోన్ టెర్ పెట్రోస్యాన్ రాజీనామా చేశాడు. కరబఖ్ విషయంలో అంచెలంచెలుగా రాజీకి వెళ్దాం అంటే సొంత మంత్రులే ఒప్పుకోలేదు. ఇక్కడ నువ్వు గమనించాల్సిన సంగతి ఒకటుంది. అప్పటి రాజ్యాంగం ప్రకారం అధ్యక్షుడి కుర్చీ ఖాళీ అయితే తాత్కాలికంగా కూర్చోవాల్సింది స్పీకర్, ఆయన కుదరకపోతే ప్రధాని. ఆ రోజు స్పీకర్ కూడా రాజీనామా చేసేశాడు. అలా ప్రధాని రాబర్ట్ కొచార్యాన్ తాత్కాలిక అధ్యక్షుడై, ఆ హోదాలోనే ఎన్నికల్లో నిలబడ్డాడు. కాబట్టి స్పీకర్ అంటే "కూర్చోండి" అనే పని ఒక్కటే కాదు బాబూ. దేశానికి రెండో మనిషి.

మార్చిలో రెండు విడతల ఎన్నిక జరిగింది. పదేళ్లు కనబడని డెమిర్చ్యాన్ మొదటి విడతలో సుమారు 30 శాతం ఓట్లు తెచ్చుకుని రెండో స్థానంలో నిలిచాడు. రెండో విడతలో కొచార్యాన్‌కు 59 దాకా, ఈయనకు 40 దాకా వచ్చాయి. ఎన్నిక సజావుగా జరగలేదని విదేశీ పరిశీలకులు కూడా రాశారు. ఆయన అదే ఏడాది పీపుల్స్ పార్టీ పెట్టి పార్లమెంటు దారి పట్టాడు.

అప్పుడొచ్చింది అసలు మలుపు. రక్షణమంత్రి వాజ్‌గెన్ సర్గ్‌స్యాన్ అని ఉండేవాడు, వయసు 40. కరబఖ్ యుద్ధంలో వాలంటీర్లను కూడగట్టిన మనిషి, సైన్యం ఆయన మాట వింటుంది, మాజీ సైనికులు ఆయన వెనక ఉన్నారు. 1998లో కొచార్యాన్‌ను గెలిపించడానికి నిలబడింది ఈయనే. అదే ఈయన ఏడాది తిరక్కముందే, తాను ఓడించిన డెమిర్చ్యాన్‌తో చేతులు కలిపాడు. ఒకరికి తుపాకీ పట్టినవాళ్ల బలం, ఇంకొకరికి పాత రోజుల్ని తలచుకునే జనం బలం. కూటమి పేరు మియాస్నుత్యున్, అంటే ఐక్యత. 1999 మే 30న ఎన్నికలు జరిగితే 131 సీట్లలో 62 వాళ్లవే, ఓట్లు దాదాపు 42 శాతం. ఇండిపెండెంట్లు కొంతమంది తోడైతే చాలు, సభ చేతిలో ఉన్నట్టే.

జూన్ 10న డెమిర్చ్యాన్ స్పీకర్, ఆ మర్నాడే సర్గ్‌స్యాన్ ప్రధాని. అధ్యక్షుడిగా కొచార్యాన్ ఉన్నా నిర్ణయాలు జరిగే చోటు మారిపోయింది. అప్పటి రాజ్యాంగం అధ్యక్షుడికి చాలా అధికారాలు ఇచ్చిన మాట నిజమే, కానీ సభలో మెజారిటీ ఒక్క మాట మీద ఉండి, ప్రధాని వెనక సైన్యం ఉంటే కాగితం మీది అధికారం ఎంతవరకు పనిచేస్తుంది? ఆ వేసవిలో ఆర్మేనియాలో పార్లమెంటు అధ్యక్షుడికంటే బలంగా ఉందని నా అభిప్రాయం. కొత్త రిపబ్లిక్‌లో అది మొదటిసారి.

నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే విలువైంది ఈ ఘట్టమే. పదమూడున్నర ఏళ్లు ఎవరి ఓటూ అడగకుండా పాలించిన మనిషి, 67 ఏళ్ల వయసులో ఊరూరా తిరిగి ఓటు అడిగి, వచ్చిన సీట్లతో ఇంకొకరిని ప్రధానిని చేసి, తాను సభను నడిపే కుర్చీలో కూర్చున్నాడు. ఒకప్పుడు ఆ ఊళ్లో సభ అంటే చేతులెత్తి సరే అనడమే, ఈయన ముందే ఎత్తేవాళ్లు. ఇప్పుడు అవతలివాళ్లు లేచి కాదంటుంటే వినాల్సిన పని ఆయనదే. ఆ పని ఎంత బాగా చేసేవాడో చెప్పేంత కాలం ఆయనకు దొరకలేదు. మొత్తం 139 రోజులు.

ప్రశ్న: అసలు ఆ రోజు ఏం జరిగింది? చంపినవాళ్లు ఎవరు, ఎందుకు చంపారు, శిక్ష పడిందా? – హైదరాబాద్, కరీంనగర్, తెనాలి నుంచి ముగ్గురు పాఠకులు

1999 అక్టోబర్ 27, బుధవారం. సభ్యులు ప్రశ్నలు అడగడం, మంత్రులు జవాబులు చెప్పడం జరిగే రోజు. అందుకే ప్రధానితో సహా ప్రభుత్వమంతా సభలో ఉంది, టీవీ కెమెరాలూ ఉన్నాయి. సాయంత్రం ఐదు దాటాక ఐదుగురు మనుషులు పొడుగాటి కోట్ల కింద ఆటోమేటిక్ తుపాకులు దాచుకుని లోపలికి వచ్చారు. ముందున్నవాడు నైరి హునాన్యాన్, ఒకప్పుడు విలేకరి. వెంట ఉన్నవాళ్లలో ఒకడు తమ్ముడు, ఒకడు మేనమామ. ఇది తిరుగుబాటు, దేశాన్ని పీల్చేస్తున్నవాళ్లను శిక్షించడానికి వచ్చాం అన్నారు.

ముందు వరుసలో కూర్చున్న ప్రధానిని దగ్గర నుంచి కాల్చారు. పైన వేదిక మీద డెమిర్చ్యాన్, ఆయనకు అటూ ఇటూ డిప్యూటీ స్పీకర్లు యూరీ బఖ్ష్యాన్, రూబెన్ మిరోయాన్ ఉన్నారు. ముగ్గుర్నీ చంపేశారు. ఒక మంత్రి, ముగ్గురు సభ్యులతో కలిపి మొత్తం ఎనిమిది మంది పోయారు. కొంతభాగం కెమెరాల్లో రికార్డయింది, దేశమంతా టీవీలో చూసింది. నేను ఆ దృశ్యాలు ఒక్కసారి చూశాను, మళ్లీ చూడలేదు, మిమ్మల్నీ వెతికి చూడమని చెప్పను.

ఒక్కసారి లెక్క వేయండి. అధ్యక్షుడి తర్వాత రెండో మనిషి స్పీకర్, మూడో మనిషి ప్రధాని. ఇద్దరూ నిమిషాల్లో పోయారు. స్పీకర్ లేకపోతే సభ నడపాల్సిన డిప్యూటీలు ఇద్దరూ పోయారు. ఆ రాత్రికి ఆర్మేనియా పార్లమెంటుకు కుర్చీలో కూర్చుని సభను పిలిచే హక్కున్న మనిషే మిగల్లేదు. నాయకుణ్ని చంపిన దేశాలు చాలా ఉన్నాయి, ఒక సభకు తలకాయే లేకుండా చేసిన సంఘటన మాత్రం నాకు ఇంకొకటి తెలియదు.

మిగిలిన సభ్యుల్నీ, మంత్రుల్నీ రాత్రంతా బందీలుగా పెట్టుకున్నారు. భవనం చుట్టూ సైన్యం. కొచార్యాన్ స్వయంగా వచ్చి మాట్లాడాడు. వాళ్ల ప్రకటన ప్రసారం చేయడం, ప్రాణాలకు హాని లేకుండా న్యాయ విచారణ జరపడం, ఈ మాటల మీద మర్నాడు పొద్దున లొంగిపోయారు.

ఎందుకు అంటే, దేశాన్ని కాపాడడానికి అని వాళ్లు చెప్పుకున్నారు. వాళ్ల వెనక ఎవరున్నారు అనేదే ఇప్పటికీ ఆర్మేనియాలో తెగని వాదన. అదే రోజు అమెరికా ఉప విదేశాంగ మంత్రి స్ట్రోబ్ టాల్బట్ యెరెవాన్‌లో ఉండి, కరబఖ్ సంగతులు మాట్లాడి వెళ్లిన కొన్ని గంటలకే ఇది జరిగింది, దాంతో ఊహలకు అంతు లేకుండా పోయింది. ఫలానా దేశం అని కొందరు, ఫలానా నాయకుడు అని కొందరు. విచారణ 2001 ఫిబ్రవరిలో మొదలై 2003 డిసెంబర్ దాకా సాగింది, హునాన్యాన్‌కూ అతని వెంట వచ్చినవాళ్లకూ యావజ్జీవం పడింది. వెనకున్న సూత్రధారి ఎవరన్నది కోర్టులో తేలలేదు. ఉరి తీయాలని జనం గట్టిగా అడిగారు, కానీ ఆర్మేనియా యూరప్ మండలిలో చేరడానికి ఉరిశిక్ష రద్దు చేస్తానని మాట ఇచ్చి ఉంది, 2003లో రద్దు చేసింది కూడా. చనిపోయినవాళ్ల కుటుంబాలు మాత్రం నిజం మొత్తం బయటికి రాలేదనే అంటూ వచ్చాయి. మీరు ముగ్గురూ "మీ అభిప్రాయం ఏమిటి" అని గుచ్చి అడిగారు. కోర్టులో తేలని పేరు ఈ పేజీలో నేను రాయను. ఒకటి మాత్రం అనగలను. ఆ కాల్పుల వల్ల పార్లమెంటు బలం ఒక్క సాయంత్రంలో విరిగిపోయింది, ఆ బలం అధ్యక్షుడి వైపు వెళ్లింది. అది ఎవరైనా కోరుకుని చేయించారా, దానంతట అది జరిగిందా అనేది వేరే ప్రశ్న.

ప్రశ్న: ఎక్కడి ఆర్మేనియా, ఎక్కడి మనం. వాళ్ల పార్లమెంటు గొడవలు తెలుసుకుని మనం ఏం చేయాలండీ? – అనంతపురం

కోపంగా అడిగినా న్యాయంగానే అడిగారు. పిల్లలు అక్కడ చదువుకుంటున్న ఇళ్లు మన రెండు రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి, అదొక్కటి చాలు నాకు. ఇంకొకటీ ఉంది, ఇది తెలిస్తే మీ కోపం తగ్గుతుందేమో.

చెన్నై జార్జ్‌టౌన్‌లో అర్మేనియన్ స్ట్రీట్ అని ఒక వీధి ఉంది. మద్రాసు మనకూ రాజధానిగా ఉన్న రోజుల్లో కోర్టు పనుల మీద, పుస్తకాల కోసం ఆ చుట్టుపక్కల తిరిగిన తెలుగువాళ్లు ఎందరో. ఆ వీధిలో ఆర్మేనియన్ల చర్చి ఇప్పటికీ ఉంది. 18వ శతాబ్దంలో అక్కడ ఆర్మేనియా వర్తకులు ఉండేవాళ్లు, పట్టు, రత్నాల వ్యాపారం. వాళ్లలో షహమీర్ షహమీర్యాన్ అనే పెద్ద వర్తకుడు 1770ల్లో మద్రాసులోనే ఆర్మేనియన్ అచ్చుకూటం పెట్టించాడు. అప్పుడు ఆర్మేనియా అనే దేశమే లేదు, ఆ నేల పర్షియా, టర్కీ సామ్రాజ్యాల చేతిలో ఉంది. అయినా రేపు దేశం వస్తే ఎలా నడుపుకోవాలి అని ఆ మద్రాసు ఆర్మేనియన్లు ఒక రాజ్యాంగం రాసి అచ్చువేశారు. అందులో రాజు లేడు. ప్రజలు ఎన్నుకునే సభ ఉంది, ఆ సభకు బాధ్యుడైన మంత్రాంగం ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక "అజ్దరార్" కూడా 1794లో మద్రాసు నుంచే వచ్చింది.

అంటే ఆర్మేనియాకు పార్లమెంటు ఉండాలి అనే ఊహ కాగితం మీదికి ఎక్కిన చోటు మన పాత రాజధాని. రెండు వందల ఏళ్ల తర్వాత ఆ పార్లమెంటు నిజంగా వచ్చింది. దాని స్పీకర్‌ను కుర్చీలోనే కాల్చేశారని తెలిస్తే బాధపడడానికి మనకీ కాస్త చుట్టరికం ఉందని నేననుకుంటాను.

ప్రశ్న: ఆయన తర్వాత పార్టీ ఏమైంది? కొడుకు రాజకీయాల్లోకి వచ్చాడా? మన దగ్గరైతే సానుభూతి ఓటుతో గెలిచేసేవాడు. – గుంటూరు

వచ్చాడు, అక్కడా అలాగే మొదలైంది. నవంబర్ మొదట్లోనే సభ మళ్లీ కూడి డెమిర్చ్యాన్ పార్టీ మనిషి ఆర్మెన్ ఖచాత్ర్యాన్‌ను స్పీకర్‌గా ఎన్నుకుంది. చనిపోయిన ప్రధాని తమ్ముడు అరామ్ సర్గ్‌స్యాన్‌ను ప్రధానిని చేశారు. అరామ్ ఆరు నెలలే ఉన్నాడు, 2000 మేలో కొచార్యాన్ తీసేశాడు. ఐక్యత కూటమి పేరుకే మిగిలి చీలిపోయింది. దాన్ని కలిపి ఉంచింది ఇద్దరు మనుషుల మధ్య మాటే గానీ సిద్ధాంతం కాదు, ఆ ఇద్దరూ లేరు.

డెమిర్చ్యాన్ కొడుకు స్టెపాన్ తండ్రి పార్టీ పగ్గాలు తీసుకుని 2003లో అధ్యక్ష ఎన్నికలో కొచార్యాన్ మీదే నిలబడ్డాడు. తండ్రి ఎదుర్కొన్న మనిషినే కొడుకూ ఎదుర్కొన్నాడు, తండ్రిలాగే రెండో విడత దాకా వెళ్లాడు, ఓడిపోయాడు. తండ్రికి 40 శాతం వస్తే కొడుకుకి 32. ఆ ఎన్నికలోనూ అక్రమాలు జరిగాయని పరిశీలకులు రాశారు. అదే ఏడాది పార్లమెంటు ఎన్నికల్లో ఆయన నడిపిన "న్యాయం" అనే కూటమికి 14 సీట్లు వచ్చాయి. 2007కి వచ్చేసరికి పార్టీ ఒంటరిగా పోటీచేసి ఒక్క సీటూ తెచ్చుకోలేదు. సానుభూతి ఎనిమిదేళ్లు నిలవలేదు మరి.

పార్లమెంటు సంగతి కూడా చెప్పేస్తాను, విశాఖ విద్యార్థికి పనికొస్తుంది. 2015 డిసెంబర్‌లో రెఫరెండం పెట్టి ఆర్మేనియా పార్లమెంటరీ పద్ధతికి మారింది, 2018 నుంచి అమలు. పదేళ్లు అధ్యక్షుడిగా ఉన్న సెర్జ్ సర్గ్‌స్యాన్ (వాజ్‌గెన్‌కు బంధువు కాడు, అక్కడ ఆ ఇంటిపేరు చాలామందికి ఉంటుంది) ఆ మార్పును వాడుకుని ప్రధానిగా కొనసాగుదామనుకున్నాడు. జనం వీధుల్లోకి వచ్చారు, ఆరు రోజులకే దిగిపోయాడు. 2018 మే 8న అదే సభ, ఆయన పార్టీకే మెజారిటీ ఉన్న సభ, వీధి పోరాటం నడిపిన నికోల్ పషిన్యాన్‌ను ప్రధానిగా ఎన్నుకోవాల్సి వచ్చింది.

స్పీకర్ కుర్చీకి అక్కడ ప్రమాదం మాత్రం తప్పలేదు. 2020 నవంబర్‌లో కరబఖ్ యుద్ధం ఓడిపోయి కాల్పుల విరమణ ఒప్పందం మీద సంతకం పడిన రాత్రి, జనం గుంపు అప్పటి స్పీకర్ అరారత్ మిర్జోయాన్‌ను కారులోంచి లాగి కొట్టింది. బతికి బయటపడ్డాడు, తర్వాత విదేశాంగ మంత్రి అయ్యాడు. 2022 మొదట్లో అధ్యక్షుడు ఆర్మెన్ సర్కిస్యాన్ రాజీనామా చేస్తే, స్పీకర్ అలెన్ సిమోన్యాన్ కొత్త అధ్యక్షుడు వచ్చేదాకా కొన్ని వారాలు ఆ కుర్చీలో కూర్చున్నాడు. 1998లో స్పీకర్ తప్పుకోవడంతో ప్రధానికి వెళ్లిపోయిన అవకాశం, 1999లో తుపాకీ చెరిపేసిన వరుస, చివరికి 2022లో రాజ్యాంగంలో రాసినట్టే ఏ గొడవా లేకుండా నడిచింది.